ఫోను రైతుది... లాభం ఎవరిది?

విత్తనాల ప్యాకెట్టు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఓ నంబరుంటుంది. పురుగుమందు డబ్బా మీదా ఉంటుంది, పంపుసెట్టు గ్యారంటీ కార్డు మీదా ఉంటుంది. దాన్నే కస్టమర్ కేర్ అంటారు. ప్యాకెట్ సరుకుల మీద ఫిర్యాదుల కోసం పేరు, చిరునామా, ఫోన్ నంబరు వెయ్యాలని 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. పత్తి మొలక సరిగ్గా రాలేదనో, మిరప ఆకు ముడుచుకుపోతోందనో రైతు ముందు వెళ్లేది మందుల కొట్టుకే. 'కంపెనీకి ఫోన్ చెయ్యి బాబాయ్, నా చేతిలో ఏముంది' అని కొట్టతను చేతులెత్తేశాకే ఆ చిన్న అక్షరాల మీదికి చూపు పోతుంది.

ఫోన్ కలుస్తుంది. తెలుగు కోసం ఇన్ని నొక్కండి, ఫిర్యాదు కోసం అన్ని నొక్కండి, మా సిబ్బంది ఖాళీగా లేరు, దయచేసి వేచి ఉండండి... ఆపైన సంగీతం. చిలకలూరిపేట నుంచి మార్టూరు, పర్చూరు దాకా ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒక అనుమానం వినిపిస్తుంది. ఇలా లైన్లో నిలబెట్టి కూడా కంపెనీవాడు డబ్బులు చేసుకుంటున్నాడా?

అనుమానం మరీ గాలివాటుది కాదు. అలాగని అన్నిచోట్లా నిజమూ కాదు. జవాబు ఆ నంబరు మొదటి నాలుగు అంకెల్లో ఉంది.

1800తో మొదలైతే టోల్ ఫ్రీ. కాల్ ఖర్చంతా కంపెనీదే. మీరు ఎంతసేపు మాట్లాడితే వాళ్లకు అంత చేతిచమురు. 2004 జనవరిలో 1551 నంబరుతో కేంద్రం కిసాన్ కాల్ సెంటర్లు తెరిచింది. ఆ తర్వాత అదే 1800-180-1551 అయింది. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే పంట సంగతులు అడగొచ్చు, పైసా ఖర్చుండదు. అయితే 'ఫ్రీ' అన్న మాటకు మొదటి రోజుల్లో చాలా షరతులుండేవి. కొన్ని టోల్ ఫ్రీ నంబర్లు బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ నుంచి తప్ప కలిసేవి కావు. సెల్‌ఫోన్ ఉన్నవాడు పక్కింటి ల్యాండ్‌లైన్ వెతుక్కోవాల్సి వచ్చేది. ఎస్టీడీ బూతుకు వెళ్తే ఫ్రీ కాల్ అనగానే యజమాని మొహం ఎలా మారుతుందో ఊహించుకోవచ్చు. అతనికి కమీషన్ వచ్చేది మీటరు తిరిగితేనే కదా.

1860తో మొదలైతే సగం సగం వ్యవహారం. ఫోన్ చేసినవారికి లోకల్ కాల్ చార్జీ పడుతుంది, మిగతాది కంపెనీ భరిస్తుంది. ఎస్టీడీ అంటే జేబు తడుముకునే రోజుల్లో గుంటూరు నుంచి ముంబయి ఆఫీసుతో లోకల్ రేటుకే మాట్లాడటం నిజంగా మేలే. ఇప్పుడు కథ తిరగబడింది. దేశమంతా అన్‌లిమిటెడ్ కాల్స్ వచ్చాక మామూలు నంబరుకు ఎంతసేపు మాట్లాడినా ఖర్చు లేదు. కానీ చాలా ప్యాకుల షరతుల్లో ఇలాంటి ప్రత్యేక నంబర్లు ఉచిత నిమిషాల్లోకి రావు. ఒకప్పటి రాయితీ నంబరే నేడు బ్యాలెన్సు కోసే నంబరైంది. ఇందులో కంపెనీకి వాటా లేదు. ఆ డబ్బు టెలిఫోన్ సంస్థది.

కంపెనీ మామూలు నంబరే ఇస్తే? అక్కడా దానికి వచ్చేదేమీ లేదు. ఒక నెట్‌వర్కు నుంచి మరో నెట్‌వర్కుకు కాల్ వెళ్తే, అందుకున్న నెట్‌వర్కుకు మొదటిది నిమిషానికి ఇంత అని కట్టేది. ఈ టర్మినేషన్ చార్జీ 2009లో 20 పైసలు, 2015లో 14, 2017 అక్టోబరులో 6 పైసలు. 2021 జనవరి 1 నుంచి సున్నా. ఈ పైసలన్నీ టెలిఫోన్ సంస్థల మధ్య తిరిగినవే, విత్తనాల కంపెనీ గుమ్మం తొక్కినవి కావు.

అసలు లాభం ఉన్నది ప్రీమియం రేటు దగ్గర. మామూలు కంటే ఎక్కువ చార్జీ పెట్టి, ఆ ఎక్కువలో టెలిఫోన్ సంస్థ, సేవ నడిపేవారు పంచుకునే పద్ధతి ఇది. జాతకాలు, క్రికెట్ స్కోరు, రింగ్‌టోన్లు, టీవీ పోటీలు ఈ దారినే వచ్చాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని ఎస్సెమ్మెస్‌లు కొట్టిన కాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2007లో కౌన్ బనేగా కరోడ్‌పతితోపాటు 'హర్ సీట్ హాట్ సీట్' పోటీ పెట్టారు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, ఎస్సెమ్మెస్‌కు 2 రూపాయల 40 పైసలు. సరైన జవాబిచ్చినవారిలో ఒకరికి ఎపిసోడుకు 2 లక్షలు. వచ్చిన ఎస్సెమ్మెస్‌లు సుమారు 5 కోట్ల 80 లక్షలు! అంటే 13.92 కోట్ల రూపాయలు. ఇచ్చిన బహుమతులు 1.04 కోట్లు. బహుమతి జనం డబ్బుతోనే ఇస్తూ ఆ సంగతి దాచారంటూ ఒక వినియోగదారుల సంఘం కేసు వేసింది. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ స్టార్ ఇండియా, ఎయిర్‌టెల్‌లకు కోటి రూపాయల జరిమానా వేసింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బహుమతి సొమ్ము ఎస్సెమ్మెస్ ఆదాయంలోంచే వచ్చిందనడానికి ఆధారం లేదన్నది కోర్టు మాట. ఎక్కువ రేటు వసూలు చేసిన మాట మాత్రం ఎవరూ కాదనలేదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లను అడిగితే 0871 నంబర్ల కథ చెబుతారు. అక్కడ కొన్ని సంస్థలు ఫిర్యాదుల లైనుకే అలాంటి నంబరు పెట్టి నిమిషాల లెక్కన వాటా తీసుకునేవి. వస్తువు పాడైందని చెప్పడానికి కూడా కొన్నవాడే కట్టాలన్నమాట. 2014 జూన్‌లో వచ్చిన నిబంధనలతో కొన్న సరుకు గురించి చేసే ఫోనుకు మామూలు రేటు దాటకూడదన్నారు. జర్మనీ నుంచి వెళ్లిన ఓ కేసులో 2017 మార్చిలో యూరప్ న్యాయస్థానమూ ఇదే చెప్పింది. కంపెనీకి లాభం వచ్చిందా లేదా అన్నది అనవసరం, ఫోన్ చేసినవాడి మీద మామూలు కాల్ కంటే భారం పడకూడదు అని తేల్చింది. ప్రశ్నను సరైన చోట పట్టుకున్నది ఆ కోర్టే అనిపిస్తుంది.

ఎందుకంటే మన దగ్గర కంపెనీకి కలిసొచ్చేది కాల్ డబ్బులు కాదు. విసిగి పెట్టేసిన ఫోన్లు. పది నిమిషాలు సంగీతం విని రైతు ఫోన్ కట్ చేస్తే ఒక ఫిర్యాదు తగ్గినట్టే. చేలో మనిషిని పంపే ఖర్చు తప్పినట్టే. కోతల వేళ కూలీలను పెట్టుకుని కళ్లంలో ఉన్న మనిషికి పది నిమిషాలు తక్కువేమీ కాదు. 2021లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం మిరపతోటల మీద పడినప్పుడు పూత రాలిపోవడానికి వారాలే పట్టింది. అలాంటప్పుడు రేపు చెయ్యండి అన్న జవాబుకు విలువ కట్టాలంటే రూపాయిల్లో కాదు, క్వింటాళ్లలో కట్టాలి.

ఫోన్ చేసిన రైతుకు చట్టంలో చోటుంది. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదుల మీదే, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పరీక్ష కోసం విత్తనం దాచి ఉంచలేదనడం కుదరదనీ అంది. కొన్నదంతా చల్లేసే రైతు ఏం దాస్తాడు?

కాబట్టి ఖాళీ ప్యాకెట్టు, కొట్టు బిల్లు పారెయ్యొద్దు. ఫోన్ చేసిన తేదీ, సమయం, వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు పిల్లల నోటుపుస్తకంలోనైనా రాయించి పెట్టుకోండి. కంపెనీ పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, దానికి చార్జీ లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజూ లేదు. 2022లో జిల్లాలు మారాయి గనుక పర్చూరు, మార్టూరు ఇప్పుడు బాపట్లలో, చిలకలూరిపేట పల్నాడులో ఉన్నాయి. అర్జీ రాసేటప్పుడు పాత అలవాటుకొద్దీ జిల్లా పేరు తప్పు రాయకుండా చూసుకోవాలి.