తాళానికి రెండు బాధ్యతలు: కీలెస్ కార్లలో సౌకర్యం, భద్రత

కారు తాళానికీ సివిల్స్ పరీక్షకూ సంబంధమేమిటని ఈ శీర్షిక చూసిన మిత్రులకు అనిపించవచ్చు. సంబంధం చాలానే ఉంది. జీఎస్-3లో సైన్స్ అండ్ టెక్నాలజీ, సైబర్ భద్రత, జీఎస్-2లో ప్రభుత్వ నియంత్రణ, పిల్లల రక్షణ, జీఎస్-4లో బాధ్యత ఎవరిదన్న ప్రశ్న, ఇవన్నీ కలిసే అంశం ఇది. పైగా రోజూ కళ్లముందు కనిపించేదే.

తాళం అనగానే మనకు గుర్తొచ్చేది దొంగ. అయితే కారు తాళానికి రెండు బాధ్యతలు ఉన్నాయి. బయటివాడిని లోపలికి రానివ్వకపోవడం మొదటిది. లోపలున్న మనిషి బయటికి రావాలనుకున్నప్పుడు అడ్డుపడకపోవడం రెండోది. కంపెనీల ప్రకటనలు, బీమా నిబంధనలు, మన చర్చలు అన్నీ మొదటి బాధ్యత చుట్టూనే తిరుగుతున్నాయి. విధానపరంగా రెండోదానికే పెద్దపీట వేయాలన్నది ఈ వ్యాసంలో నా వాదన.

ఇది ఎలా పనిచేస్తుంది?

కీలెస్ వ్యవస్థల్లో రెండు రకాలున్నాయి. బటన్ నొక్కితే తెరుచుకునే రిమోట్ పాతది. అందులో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. దీన్ని రోలింగ్ కోడ్ అంటారు. నిన్నటి కోడ్‌ను దొంగ రికార్డు చేసుకున్నా ఈరోజు పనికిరాకూడదన్నది ఉద్దేశం.

రెండో రకంలో కీ జేబులోనే ఉంటుంది. హ్యాండిల్ ముట్టుకోగానే కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఒక ప్రశ్న పంపుతుంది. ఆ సంకేతం ఒకటి రెండు మీటర్లకు మించి పోదు. కీ దాన్ని అందుకుని, మన దేశంలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్‌లో రహస్య సంకేతంతో జవాబిస్తుంది. జవాబు సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. 'జవాబు వచ్చింది కాబట్టి కీ దగ్గరే ఉంది' అన్నది ఈ వ్యవస్థకు పునాది. ఆ నమ్మకంలోనే లోపం ఉంది.

ఆటోమేటిక్ లాకింగ్ దీనికి తోడు. చాలా కార్లలో వేగం గంటకు 15, 20 కిలోమీటర్లు దాటగానే తలుపులు లాక్ అవుతాయి. రిమోట్‌తో తెరిచి కాసేపటిదాకా ఏ తలుపూ తీయకపోతే వాటంతట అవే మళ్లీ లాక్ అవుతాయి.

సౌకర్యం చిన్న విషయం కాదు

'ఇవన్నీ సోమరితనం కోసం' అని కొట్టిపారేయడం సరికాదు. కీళ్లవాతం ఉన్న పెద్దవారికి, చంకలో బిడ్డ, చేతిలో సంచులు ఉన్న తల్లికి తాళంచెవి తిప్పే పని తప్పడం నిజమైన మేలు. రాత్రిపూట ఒంటరిగా పార్కింగ్‌కు వెళ్లే మహిళకు డ్రైవర్ తలుపు మాత్రమే తెరుచుకుని మిగతా మూడూ మూసి ఉండే సెట్టింగ్ రక్షణే. సిగ్నల్ దగ్గర వెనక తలుపు తీసి బ్యాగు లాక్కుపోయేవాడిని ఆటో లాక్ ఆపుతుంది. వెనక సీటులో ఆడుకునే పిల్లవాడు దారిలో తలుపు తీయకుండా కాపాడుతుంది. కాబట్టి ఈ టెక్నాలజీ ఉండాలి. దాన్ని ఏ షరతులతో అనుమతించాలన్నదే ప్రశ్న.

మొదటి బాధ్యత: దొంగను ఆపడం

2011లో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీలకు చెందిన పది కారు మోడళ్లను పరీక్షించారు. పదింటినీ తెరవగలిగారు. వాళ్లు ఏ రహస్య సంకేతాన్నీ ఛేదించలేదు. ఒకరు కారు దగ్గర, మరొకరు కీ ఉన్న చోటికి దగ్గరగా నిలబడి కారు అడిగిన ప్రశ్నను కీకి, కీ ఇచ్చిన జవాబును కారుకు చేరవేశారు. దీన్ని రిలే దాడి అంటారు. కవరు విప్పకుండానే ఉత్తరం అందజేసే పోస్ట్‌మ్యాన్‌లాంటి పని ఇది. ఉత్తరం ఎంత గూఢలిపిలో రాసి ఉన్నా అతనికి అడ్డేమీ ఉండదు. తర్వాత జర్మనీలోని వాహనదారుల సంఘం ఏడీఏసీ కూడా వందల మోడళ్లను పరీక్షించి చాలావాటిలో ఇదే బలహీనత ఉందని చూపింది.

ఇంకో పద్ధతికి కీతో పనే లేదు. 2022లో లండన్‌లో ఒక సైబర్ భద్రతా నిపుణుడి కారే పోయింది. ముందు బంపర్ పక్కన హెడ్‌లైట్ తీగల్లోంచి కారు అంతర్గత నెట్‌వర్క్ అయిన క్యాన్ బస్‌లోకి చొరబడి, 'సరైన కీ ఉంది' అని కారును నమ్మించే పరికరాలు ఉన్నాయని 2023లో వెల్లడైంది. తలుపుకు ఇనుప గడియ పెట్టి గోడను మట్టితో కడితే దొంగ గోడకే కన్నం వేస్తాడు.

అలాగని ఎలక్ట్రానిక్స్ అంతా దండగ అనడానికీ లేదు. సరైన కీ లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్‌ను యూరోపియన్ యూనియన్ 1998లో కొత్త కార్లకు తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్ గణాంకాలపై జరిగిన అధ్యయనంలో దీనివల్ల కార్ల దొంగతనాలు సగటున 40 శాతం తగ్గాయని తేలింది. కెనడా 2007 నుంచి అదే నిబంధన పెట్టింది. అమెరికా పెట్టలేదు. అక్కడ కియా, హ్యుందాయ్ సంస్థలు తక్కువ ధర మోడళ్లు చాలావాటిలో ఇమ్మొబిలైజర్ ఇవ్వలేదు. ఒక యూఎస్‌బీ కేబుల్‌తో ఆ కార్లను స్టార్ట్ చేయడం ఎలాగో చూపే వీడియోలు సోషల్ మీడియాలో వ్యాపించాయి. ఆ దొంగతనాలతో ముడిపడి కనీసం 14 ప్రమాదాలు, ఎనిమిది మరణాలు జరిగాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది.

నిబంధన లేని చోట భద్రత ఖరీదైన కారు కొన్నవాడికే దక్కుతుంది. తక్కువ ధర కారు కొన్నవాడు నష్టపోతాడు. మన దేశానికి ఇది ముఖ్యమైన పాఠం. రిలే దాడికి గట్టి సమాధానం అల్ట్రా వైడ్‌బ్యాండ్ టెక్నాలజీ. అది సంకేతం ప్రయాణించిన సమయాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లే వెళుతుంది కాబట్టి, మధ్యలో ఎవరు మోసుకొచ్చినా ఆలస్యం పట్టుబడుతుంది. కాకపోతే ఇది కూడా ముందుగా పెద్ద కార్లకే వస్తోంది. కదలిక ఆగిన కాసేపటికి కీ నిద్రలోకి జారుకునే ఏర్పాటు మాత్రం చవకైనది. కీ ఇంట్లో గూట్లో ఉన్నంతసేపూ దొంగకు జవాబు దొరకదు.

రెండో బాధ్యత: లోపలి మనిషిని వదలడం

2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆపి ఉన్న కారులో చిక్కుకుని ఇద్దరు చిన్నారులు చనిపోయారు. నెల తిరిగిందో లేదో, మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు పిల్లలు అదే విధంగా ప్రాణాలు కోల్పోయారు. ఆడుకుంటూ కారెక్కారు, తలుపులు పడిపోయాయి, తీసేవారు లేకపోయారు. అక్కడ దొంగ లేడు. తాళం మాత్రమే ఉంది.

ఎండలో నిలిపిన కారులో మొదటి పది నిమిషాల్లోనే ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. పెరగాల్సిన వేడిలో అధిక భాగం తొలి అరగంటలోనే పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. పిల్లల శరీరం పెద్దలకన్నా ఎన్నో రెట్లు త్వరగా వేడెక్కుతుంది. బయటే 40 డిగ్రీలున్న మన వేసవిలో లెక్క ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఏటా సగటున 37 మంది దాకా పిల్లలు ఇలా కార్లలో వడదెబ్బతో చనిపోతున్నారు. అక్కడ లెక్క ఉంది కాబట్టి చర్చ జరుగుతోంది. మన దగ్గర ఒక్కో ఘటన ఒక్కో జిల్లా వార్తగా ముగిసిపోతోంది.

మన ప్రభుత్వం ఈ దిశలో అసలు ఆలోచించలేదనలేం. ఏఐఎస్-145 ప్రమాణం ప్రకారం 2019 జులై 1 తర్వాత తయారైన కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్ హెచ్చరిక, వేగ హెచ్చరిక, రివర్స్ పార్కింగ్ సెన్సార్‌తో పాటు, సెంట్రల్ లాకింగ్‌ను చేతితో తీయగల ఏర్పాటు కూడా ఉండాలి. మొదటి నాలుగూ అందరికీ తెలుసు. ఐదోది చాలామందికి తెలియదు. తమ కారులో అది ఎక్కడుందో కారు యజమానులను అడిగి చూడండి. అదే తేదీ నుంచి కొత్త ట్యాక్సీల్లో చైల్డ్ లాక్‌ను నిషేధించారు. ఇంట్లో పిల్లవాడిని కాపాడే లాక్ ట్యాక్సీలో మహిళా ప్రయాణికురాలిని బంధించే సాధనం కావచ్చన్నది దాని వెనకున్న ఆలోచన. తాళం మంచిదా చెడ్డదా అన్నది దాని మీద అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుందని ఈ నిబంధన గుర్తించింది. వ్యాసంలో ఉదాహరణగా వాడదగిన నిబంధన ఇది.

ఇతర దేశాల అనుభవం కూడా ఇటే చూపుతోంది. డిక్కీలో చిక్కుకుని పిల్లలు చనిపోయిన ఘటనల తర్వాత అమెరికా 2001 సెప్టెంబర్ నుంచి కొత్త కార్ల డిక్కీల్లో లోపలి నుంచి తెరిచే పిడిని తప్పనిసరి చేసింది. విద్యుత్తుతో పనిచేసే హ్యాండిల్స్ వచ్చాక ముప్పు కొత్త రూపం తీసుకుంది. 2025 సెప్టెంబర్‌లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సుమారు 1.74 లక్షల టెస్లా మోడల్ వై కార్లపై విచారణ మొదలుపెట్టింది. బ్యాటరీ వోల్టేజ్ పడిపోయి బయటి హ్యాండిల్ పనిచేయక, లోపలున్న పిల్లల కోసం తల్లిదండ్రులు అద్దాలు పగలగొట్టాల్సి వచ్చిన ఫిర్యాదులు అందులో ఉన్నాయి. చైనా 2027 జనవరి నుంచి కొత్త కార్ల తలుపులకు విద్యుత్తు లేకున్నా తెరిచే యాంత్రిక ఏర్పాటు ఉండాలని నిర్ణయించింది.

ఎదురు వాదనలు

'ఇది పెద్దల నిర్లక్ష్యం, కారును నిందించడమెందుకు?' అని అడగవచ్చు. నిర్లక్ష్యం ఉంటే ఉండవచ్చు. కానీ మన ఊళ్లలో కార్లకు గ్యారేజీలు ఉండవు. వీధిలోనో, గుడి దగ్గరో, చెట్టు కిందో ఆగుతాయి. పిల్లలు ఆడుకునేదీ అక్కడే. పైగా మనిషి పొరపాటు చేస్తాడని తెలిసే సీట్‌బెల్ట్, ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశాం. తాళానికి మాత్రం వేరే న్యాయం ఎందుకు?

రెండో వాదన మరింత బలమైనది. లోపలి పిడి లాగితే తలుపు ఎప్పుడూ తెరుచుకునేలా చేస్తే, దొంగ అద్దం పగలగొట్టి చేయి పెట్టి అదే పిడి లాగుతాడు. అందుకే కొన్ని కార్లలో లాక్ చేశాక లోపలి పిడి కూడా పనిచేయని డెడ్‌లాక్ పెట్టారు. ఇక్కడ రెండు బాధ్యతలూ ఢీకొంటున్న మాట నిజం. ఎటు మొగ్గాలో తేల్చుకోవడం మాత్రం నాకు కష్టంగా లేదు. పోయిన కారుకు బీమా డబ్బు వస్తుంది. పైగా ఇంజిన్ కదలకుండా ఆపే పని ఇమ్మొబిలైజర్ చూసుకోగలదు. ఆ భారం తలుపు మీద మోపనక్కర్లేదు.

ఖర్చు మూడో వాదన. డిక్కీలో ఒక పిడి, ముందు తలుపులకు ఒక యాంత్రిక లింకు కారు ధరలో లెక్కలోకి వచ్చే మొత్తాలు కావు. సెన్సార్లకు ఖర్చవుతుంది కాబట్టి వాటిని దశలవారీగా తేవాలి.

ఏం చేయాలి?

1. లాక్ ఏ స్థితిలో ఉన్నా, బ్యాటరీ దిగిపోయినా, ముందు తలుపులు రెండూ లోపలి పిడిని ఒక్కసారి లాగితే తెరుచుకోవాలి. పిల్లల చేతికి అందేలా, చీకట్లోనూ కనిపించేలా గుర్తు ఉండాలి. వెనక తలుపులకు చైల్డ్ లాక్ ఉన్నా ముందుకు వచ్చి బయటపడే దారి మిగలాలి.

2. మూసిన కారులో బిడ్డ ఉంటే పసిగట్టే వ్యవస్థకు యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి మార్కులు ఇస్తోంది. 2023 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ కూడా స్టార్ రేటింగ్‌లో దీన్ని చేర్చాలి. మన ఎండలకు ఈ అవసరం యూరప్‌కన్నా ఎక్కువ.

3. రిలే దాడిని తట్టుకుంటుందా లేదా అన్న పరీక్ష ఫలితాన్ని కొనుగోలుదారుకు చూపాలి. ఫ్రిజ్ మీద కరెంటు వాడకం నక్షత్రాలు చూసి కొనే దేశంలో ఇది కొత్తేమీ కాదు. వాహన సైబర్ భద్రతపై ఐక్యరాజ్యసమితి ఆర్155 నిబంధన యూరప్‌లో ఇప్పటికే అమల్లో ఉంది. దాని బాటలో మన దగ్గర ఏఐఎస్-189 పేరుతో సాగిన కసరత్తుకు గడువు పెట్టి అన్ని ధరల కార్లకూ వర్తింపజేయాలి.

4. పాత కార్లకు యాక్సెసరీస్ దుకాణాల్లో బిగించే సెంట్రల్ లాకింగ్ కిట్లకు కూడా ప్రమాణం ఉండాలి. కొత్త కార్ల నిబంధన ఒక్కటే రోడ్డు మీదున్న కోట్ల బండ్లను మార్చదు.

5. కారు పోతే బీమా సంస్థలు సాధారణంగా రెండు తాళంచెవులూ అడుగుతాయి. కీ ఇంట్లో ఉండగానే కారు పోయే రోజుల్లో, రెండు కీలూ చూపించినవారిపై అనుమానం మోపకుండా ఐఆర్‌డీఏఐ స్పష్టమైన మార్గదర్శకాలు ఇవ్వాలి.

6. ఖర్చు లేని పని ఒకటుంది. వేసవికి ముందు అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలకు రెండు విషయాలు నేర్పాలి. కారులో చిక్కుకుంటే ముందు సీటులోకి రావాలి, హారన్ ఆపకుండా కొట్టాలి. చాలా కార్లలో తాళంచెవి లేకున్నా హారన్ మోగుతుంది. కారున్నవారు ఆపిన ప్రతిసారీ లాక్ చేసి, వెనక సీటు చూసి వెళ్లడం అలవాటు చేసుకోవాలి.

ముగింపు

టెక్నాలజీని అంచనా వేసేటప్పుడు 'ఇది ఎవరిని ఆపుతోంది?' అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. 'ఇది విఫలమైనప్పుడు ఎవరు చిక్కుకుంటారు?' అన్నదీ అడగాలి. కారు తాళం విషయంలో ఆ రెండో ప్రశ్నకు జవాబు, ఫిర్యాదు చేయలేని, ఓటు లేని, కారు కొనని పిల్లలు. వారి తరఫున అడగాల్సింది నియంత్రణ సంస్థలే. రేపు ఆ కుర్చీల్లో కూర్చోవాలనుకుంటున్న మనమూ ఆ ప్రశ్న అడగడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

సాధన ప్రశ్న: "వాహనాల్లో డిజిటల్ భద్రతా వ్యవస్థలు కొన్ని ముప్పులను తగ్గిస్తూ కొత్త ముప్పులను సృష్టిస్తున్నాయి." భారతదేశ పరిస్థితుల నేపథ్యంలో ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)