తిరుగుదారి ద్రోహమా?

"లినక్సును వేసికొనదలచిన విండోసును తుడిచివేయవలెను; రెండు పడవలపై కాళ్లేల?" అని కొందఱు వీరులు గర్జించుచున్నారు. ఈ గర్జనకు జడిసి సామాన్యుడు ఆ వైపే చూడకున్నాడు. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. చక్కగా నడచు యంత్రమును పాఱవేయుటకంటె ఒకమాఱు పరీక్షించుట మేలు కాదా? లినక్సులో నొక రకమగు ఉబుంటును పెన్‌డ్రైవునుండియే నడపి చూడవచ్చును, హార్డుడిస్కు నంటనక్కఱలేదు. నచ్చిన పిమ్మట డిస్కులో వేఱుభాగము చేసి రెంటిని నిలుపవచ్చును. అంతకుముందే దస్త్రముల ప్రతిని వేఱుచోట దాచి, బిట్‌లాకరు తాళపుసంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. ఇది మఱచినవాని గోడు వినువారుండరు.

మా వకీలు గదిలో ‘అను’ సాఫ్టువేరుతో వ్రాసిన పాత తెలుగు కాగితములు పెక్కు కలవు. వానిని దిద్దుటకు మేము నేటికిని విండోసునకే పోవుచున్నాము. తక్కిన పనియంతయు లినక్సులో సాగుచున్నది. దీనిని ద్రోహమనువారు ముందుగా ఆ కాగితములను యూనికోడులోనికి మార్చి యిత్తురా?