చీరతో కొలిచిన ఇల్లు

అద్దె ఇళ్ళ బాధలు మీకు నేను చెప్పాలా? పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఏడు ఇళ్ళు మారాను. ప్రతిసారీ పాలు పొంగించడం, గోడకు మేకులు కొట్టొద్దని ఇంటిగలావిడ చెప్పడం, గ్యాసు అడ్రసు మార్పించడానికి మావారు సెలవు పెట్టడం... ఏడో ఇంటికి వచ్చేసరికి పోపుల డబ్బా ఏ అట్టపెట్టెలో ఉందో విప్పకుండానే చెప్పగలిగేదాన్ని. అయినా నెత్తిమీద కప్పంటూ ఎప్పుడూ ఉంది. అది లేనివాళ్ళ గురించి ఈ వారం రాస్తున్నాను. రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ఎందుకంటే ఇందులో నా సంతకం కూడా ఒకటుంది.

రెండేళ్ళ కిందటి మాట. మా కాలనీ వెనక కాలవ గట్టున పదిహేను గుడిసెలుండేవి. దోమలనీ, దొంగతనాలనీ, వాటిని తీయించమని కాలనీవాళ్ళం అర్జీ పెట్టాం. నేనూ సంతకం చేశాను. కుక్కరు విజిలేస్తోంటే చదవకుండా చేశానని చెప్పుకోవచ్చు గానీ, చదివే చేశాను. నెల తిరక్కుండానే ఓ పొద్దున గుడిసెలు పీకేశారు. ఆ రోజు మా పనావిడ రాలేదు. మూడో రోజున వస్తే, "ఏమ్మా, చెప్పకుండా మానేస్తే ఎలా?" అని గదమాయించాను. "ఇల్లు పోయిందమ్మా, సామాన్లు ఏరుకుంటన్నాను" అంది.

ఆవిడ ఉండేది ఆ గట్టునేనని నాకు తెలీదంటే నమ్మండి! మూడేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. కాఫీలో పంచదార ఎంత కావాలో తెలుసు, రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు ఊరవతల నుంచి రెండు ఆటోలు మారి వస్తోంది. రేషను కార్డు ఆ గందరగోళంలోనే పోయిందట.

పోయినేడు ముంబైలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడతో ఈ సంగతంతా వెళ్ళబోసుకున్నాను. "అయితే నీకు బైకలా చూపించాలి వదినా" అంటూ తీసుకెళ్ళింది. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన కామాటీల పేరు మీద వెలసిన కామాటిపురకు దగ్గర్లోనే ఉంటుంది. అక్కడి ఫుట్‌పాత్‌ల మీద బతికిన ఆడవాళ్ళు చేసిన పని విని తెల్లబోయాను.

1981లో అక్కడి ప్రభుత్వం ఫుట్‌పాత్‌ల మీదివాళ్ళను వెళ్ళగొట్టబోతే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1985 జూలైలో తీర్పు వచ్చింది. బతుకుతెరువు హక్కు కూడా బతికే హక్కులో భాగమేనంది కోర్టు. అంటూనే, నోటీసిచ్చి, వానలు వెళ్ళాక ఖాళీ చేయించొచ్చనీ అంది. ఇక ఏ రోజు ఏ లారీ వస్తుందోనని వీళ్ళకు నిద్ర ఉంటుందా? అప్పుడే, అంటే 1984లో మొదలైన స్పార్క్ అనే సంస్థవాళ్ళు, ఈ జనంతో కలిసి ముందు లెక్క తీశారు. ఎవరు, ఏ ఊరినుంచి వచ్చారు, ఎన్నాళ్ళయింది, ఏం పని చేస్తున్నారు అని. దాదాపు ఆరువేల కుటుంబాలు తేలాయి. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కారు, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నవాళ్ళు. పనికి నడిచి వెళ్ళేంత దగ్గరని అక్కడ ఉంటున్నారు. మనం అర్జీ రాసేముందు ఈ నాలుగు ప్రశ్నలూ అడిగామా చెప్పండి?

1986లో ఆ ఆడవాళ్ళే మహిళా మిలన్ అని కూటమి కట్టుకున్నారు. రోజూ ఇంటింటికీ తిరిగి రూపాయో రెండో పొదుపు వసూలు చేసేవారు. మన చీటీల లాంటిదే అనుకోకండి. చదువు రానివాళ్ళు లెక్క మర్చిపోకుండా ఇంత డబ్బుకు ఈ రంగు అని కాగితం ముక్కలు పెట్టుకున్నారు. జబ్బుకో, ఇంట్లో బియ్యం నిండుకుంటేనో అందులోంచే అప్పు. రేషను కార్డుల కోసం గుంపుగా ఆఫీసుకు వెళ్ళేవారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది, వాళ్ళు ఇంటిని తామే ఊహించుకోవడం. పద్నాలుగడుగుల ఎత్తు గది, సగం ఎత్తులో అటక. కింద వంటా వార్పూ, పైన పడకలు. అసలు కొలతల్లోనే నమూనా నిలబెట్టి నలుగురినీ, అధికారులనీ పిలిచి చూపించారు. వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో వంట చేసేవాళ్ళకు తెలిసినట్టు ఇంజనీరుకు తెలుస్తుందా? మా ఐదో ఇంట్లో అలమర తలుపు తీస్తే స్టవ్వుకు తగిలేది.

1995లో ముంబైలో మురికివాడల పునరావాస పథకం వచ్చినప్పుడు ఫుట్‌పాత్‌ల మీదివాళ్ళనీ అందులో చేర్చారు. 225 చదరపు అడుగుల ఇళ్ళు. మాన్‌ఖుర్ద్‌లో మిలన్ నగర్‌లోకి వీళ్ళు చేరేసరికి, పొదుపు మొదలెట్టి ఇరవై ఏళ్ళు కావొచ్చింది. అంటే కడుపున పడ్డ పిల్ల పెళ్ళీడుకొచ్చేంత కాలం! పైగా మాన్‌ఖుర్ద్ బైకలాకు దగ్గరా ఏమన్నానా? నడిచి వెళ్ళే పని రైలెక్కి వెళ్ళే దూరమైంది. అంతా బాగుందని నేననను. కానీ తలుపుకు గడియ ఉంది.

ఊరికొచ్చాక ఊరుకోలేకపోయాను. అర్జీ మీద సంతకం చేసినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళాను. నలుగురు కలిశారు. ఆ పదిహేను కుటుంబాలూ ఎక్కడెక్కడ చేరాయో మా పనావిడ సాయంతో నోటుబుక్కులో రాశాం. తొమ్మిదిమంది ఆడవాళ్ళు మా కాలనీలోనే ఇంకా పనులు చేస్తున్నారు. మరి మా దొంగలెవరో! ఇద్దరి రేషను కార్డులు తిరిగొచ్చాయి. ఊరికి దగ్గర్లో స్థలం ఇమ్మని కొత్త అర్జీ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. పొదుపు మాత్రం పోయిన దీపావళి నుంచి సాగుతోంది, వారానికి యాభై. మొదటి అర్జీ రాసిన మేడమీద పిన్నిగారు మాత్రం, "మళ్ళీ తెచ్చి నెత్తిన పెట్టుకుంటారా?" అని మా ముఖం మీదే తలుపేశారు.

మొన్న శనివారం మధ్యాహ్నం డాబా మీద కూచున్నాం. "ఎంత ఇల్లయితే సరిపోతుంది?" అని మా పనావిడను అడిగాను. టేపు కోసం నేను లేచేలోపే, దండెం మీది చీర లాగి నేల మీద పరిచింది. పొడుగు ఒక చీర, వెడల్పు అర చీర. ఆ హద్దులో నిలబడి, "పొయ్యి ఇక్కడ. బిందెలు ఇక్కడ. తలుపు ఇటు పెట్టిస్తే గాలొస్తదమ్మా" అంటూ చూపిస్తోంది.

వడియాలు తిప్పడానికి పైకొచ్చిన పిన్నిగారు పిట్టగోడ దగ్గరే ఆగిపోయారు. కాసేపు చూసి, "అటక వేయించరూ? చలికాలం దుప్పట్లవీ ఎక్కడ పెట్టుకుంటుంది?" అన్నారు.