కాంటా దగ్గరే రేడియం చూడాలి

వరికోతలు మొదలైతే మా నిజామాబాద్ జిల్లాలో పంటంతా రోడ్డెక్కుతుంది. పగలు కోత, రాత్రి మోత. ఆ వెంటే చెరుకు. ట్రాక్టర్‌కు ముందు దీపాలుంటాయి. వెనక ట్రాలీకి మాత్రం తరచూ తీగ తెగిన బల్బో, బురద కప్పేసిన రేడియం ముక్కో ఉంటుంది. కొన్నిటికి అదీ ఉండదు. కోతలు ఊపందుకునేలోపే దీన్ని సరిచేయాలని అధికారులను, మిల్లుల వాళ్లను, రైతులను అడుగుతున్నాను. అలాంటి ట్రాలీ కిందికే ఒక రాత్రి మా కారు దూసుకుపోయింది, అందుకే అడుగుతున్నాను.

బోధన్‌లో పెళ్లికి వెళ్లి నిజామాబాద్ తిరిగి వస్తున్నాం. 63వ నంబరు జాతీయ రహదారి మీద ఎడపల్లి దాటాం. మా ఆయన నడుపుతున్నారు, పక్కన నేను, వెనక మా ఆడబిడ్డ. ఎదురుగా ఒక లారీ హైబీమ్ వేసుకుని వచ్చింది. అది దాటీదాటగానే మా ముందు నల్ల టార్పాలిన్ కప్పిన వడ్ల ట్రాలీ. టైరు పంక్చరైతే సగం తారు మీదే నిలిపి, చక్రం కింద రాయి పెట్టి వెళ్లిపోయారు. దీపం లేదు, రేడియం లేదు, వెనకాల నాలుగు కొమ్మలైనా విరిచి వేయలేదు. ఆయన బ్రేకు తొక్కారు. దూరం చాల్లేదు.

ఎందుకు చాల్లేదో లెక్కగట్టి చెప్పగలను. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదం కంటబడి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ఒకటి, ఒకటిన్నర సెకన్లు గడుస్తాయి. ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. అంతా కలిపితే దాదాపు 40 మీటర్లు. లోబీమ్‌లో మనకు స్పష్టంగా కనబడే దూరం సుమారుగా అంతే. ఎదుటి వెలుగు కళ్లల్లో పడితే అదీ మిగలదు. అదే రేడియం పట్టీ ఉంటే మన దీపం వెలుతురునే మనవైపు తిప్పి పంపిస్తుంది. వంద మీటర్ల ముందే ఎర్రగా మెరుస్తుంది.

ముందు సీట్లలో మా ఇద్దరికీ బెల్టులున్నాయి. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది, ఆయనకు పక్కటెముకలు. వెనక మా ఆడబిడ్డకు బెల్టు లేదు. కారు ఆగింది, ఆమె ఆగలేదు. నా సీటుకు గుద్దుకుని తుంటి విరిగింది. ప్లేట్లు, స్క్రూలు వేశారు. నెలల తరబడి మంచం మీదే ఉంది, ఇప్పటికీ కర్ర లేనిదే నడవలేదు. 2022లో బెల్టు పెట్టుకోక దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వాళ్లలో 8,331 మంది డ్రైవర్లు కారు, ప్రయాణికులు.

మా కోసం మొదట ఆగింది ఒక ఆటో డ్రైవర్. "అక్కా, నువ్వు కదలకు. ఆమె కాళ్లు గుంజకుండ్రి, నూటెనిమిది వచ్చేదాకా అట్లనే ఉండనీయుండ్రి" అని చుట్టూ చేరినవాళ్లను ఆపాడు. ఆ జాగ్రత్త ఎంతో మేలు చేసిందని తర్వాత డాక్టర్ అన్నారు. సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. అది తెలియక, కేసుల్లో ఇరుక్కుంటామన్న భయంతో ఎందరో ఆగకుండా వెళ్లిపోతారు.

చూడవచ్చిన చుట్టాలంతా గండం గడిచిందన్నారు, ఇంకా నూకలున్నాయన్నారు. ప్రేమతో అన్నమాటే. కానీ అక్కడితో ఊరుకుంటే ఆ ట్రాలీ రేపు ఇంకొకరి దారిలో ఉంటుంది. జూనియర్ ఎన్టీఆర్ 2009 మార్చిలో ఎన్నికల ప్రచారం నుంచి వస్తూ సూర్యాపేట దగ్గర ఘోర ప్రమాదం నుంచి బతికి బయటపడ్డారు. 2014లో ఆయన అన్న జానకిరామ్ మునగాల మండలంలో కారు ట్రాక్టర్‌ను ఢీకొని మరణించారు. 2018లో తండ్రి హరికృష్ణ నల్లగొండ దగ్గర ప్రమాదంలోనే పోయారు. సినిమా వేడుకల్లో జూనియర్ ఎన్టీఆర్ అభిమానులను భద్రంగా ఇళ్లకు చేరమని బతిమాలుతుంటారు. బతికినవాళ్లు చేయాల్సిన పని అది. నేను మా జిల్లా వరకు చేస్తున్నాను.

ట్రెయిలర్ వెనక రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు తప్పనిసరని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో ఉంది. కానీ పొలం గట్టు నుంచి బయల్దేరే ట్రాలీని ఆపి చూసేదెవరు? అన్ని ట్రాలీలూ ఆగక తప్పని చోటు ఒకటే, కాంటా. వడ్లకైతే కొనుగోలు కేంద్రం, చెరుకుకైతే ఫ్యాక్టరీ గేటు. రేడియం ఉందో లేదో అక్కడే చూడాలి. లేకపోతే బండిని వెనక్కి పంపొద్దు, అక్కడికక్కడే అతికించి పంపాలి. టోకెన్ కోసం పడిగాపులు పడ్డ రైతు మీద ఇంకో భారం వేయకూడదు. ఆ కాస్త ఖర్చు మార్కెట్ కమిటీలు, మిల్లులు భరించాలి.

శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో మా తాత ఎడ్లబండి మీద చెరుకు తోలేవాడు. పొద్దుగూకితే బండి కింద లాంతరు కట్టనిదే కదిలేవాడు కాదు. నడక వేగంతో పోయే బండికే ఆ జాగ్రత్త ఉండేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడి చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోవాల్సి వచ్చింది. రోడ్డు మీద ట్రాలీలు గడిపే రాత్రులు పెరిగాయి. పక్కనుంచి పోయే కార్ల వేగమూ పెరిగింది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. కోతలకు ముందు కలెక్టర్ ఒక ఉత్తర్వు ఇచ్చి, ప్రతి కాంటా దగ్గర రేడియం చుట్ట, దాన్ని అతికించే మనిషి ఉండేలా చూస్తే చాలు. ఆ ఉత్తర్వు ఈ పంటకే రావాలి.