దుబాసీ తప్పేనా?

1608 ఆగస్టులో విలియం హాకిన్స్ అనే ఆంగ్లేయ నావికుడు సూరత్ రేవులో దిగాడు. అతనికి తుర్కీ భాష తెలుసు. కనుక మరుసటి ఏడు ఆగ్రాలో జహంగీరు చక్రవర్తితో మధ్యవర్తి లేకుండానే సంభాషించగలిగాడు. 1615లో ఇంగ్లండు రాజు రాయబారిగా అదే రేవుకు వచ్చిన సర్ థామస్ రోకు ఆ వెసులుబాటు లేకపోయింది. అతడు దుబాసీల నోటనే మాట్లాడవలసి వచ్చింది. దుబాసీ ఉన్నచోట మాట తారుమారైతే అందరూ మొదట అతనినే వేలెత్తి చూపుతారు.

కంప్యూటరులోనూ ఒక దుబాసీ ఉన్నాడు. అతని పేరు ఇంటర్‌ప్రెటరు. 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ భాషనే తీసుకొందాం. మూడు కోణపు గుర్తుల ఎదుట ఒక వాక్యం టైపు చేయగానే, ఇంటర్‌ప్రెటరు దానిని యంత్రానికి తెలియజెప్పి, జవాబును మరుసటి పంక్తిలో చూపుతుంది. ఈ ప్రశ్నోత్తరాలు నడిచే కిటికీయే టెర్మినలు.

నేటి సూరత్‌లో తెలంగాణ నుండి మరమగ్గాల పనికై తరలిపోయిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. అటువంటి ఇంటి విద్యార్థి ఒకడు పైథాన్ నేర్చుకొంటూ తన ఊరి పేరు ‘సూరత్’ అని తెలుగులో టైపు చేశాడనుకొందాం. తెరపై అక్షరాలకు బదులు ఖాళీ పెట్టెలు కనిపించాయి. పైథాన్‌కు తెలుగు రాదనో, తెలుగు కంప్యూటరుకు పనికిరాదనో అతడు నిశ్చయించుకొంటాడు. రెండూ పొరపాటే.

మీటల పలక నుండి తెర వరకు అక్షరం చాలా చేతులు మారుతుంది. టెర్మినలు దానిని అందుకొని సంఖ్యల రూపంలో ఇంటర్‌ప్రెటరుకు ఇస్తుంది. జవాబును తిరిగి తీసుకొని ఫాంటు సాయంతో బొమ్మగా గీస్తుంది. గుడ్డలో లోపం కనబడితే నేతగాడు మగ్గాన్ని విప్పివేయడు. నూలు తెగిందా, అచ్చులో చిక్కిందా అని వరుసగా చూస్తాడు. ఇక్కడా అదే పద్ధతి.

అందుకు ఒక చిన్న పరీక్ష చాలు. పైథాన్‌లో ‘ఆర్డ్’ అనే ప్రమేయం ఏ అక్షరానికైనా యూనికోడ్‌లో ఉన్న సంఖ్యను చెబుతుంది. ‘స’ అనే అక్షరాన్ని దానికిచ్చి చూడాలి.

జవాబు 3128 అయితే దుబాసీ నిర్దోషి. అక్షరం సరిగానే చేరింది. దానిని గీయవలసిన ఫాంటులో తెలుగు లేదు. తెలుగు చూపగల టెర్మినలునో, ఫాంటునో ఎన్నుకొంటే పెట్టెలు మాయమవుతాయి.

సంఖ్యకు బదులు, ఇచ్చినవి మూడు అక్షరాలంటూ దోష సందేశం వచ్చిందంటే, యు.టి.ఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా వచ్చిన ఒక్క అక్షరాన్ని ఎవరో మూడు అక్షరాలుగా చదివారన్నమాట. అప్పుడు తెరపై తలకట్టు గీతలున్న రోమను లిపి అక్షరాలు బారులు తీరుతాయి. విండోస్‌లో కోడ్ పేజీని 65001కు మార్చడం, లినక్స్‌లో లొకేల్‌ను యు.టి.ఎఫ్-8గా ఉంచడం దీనికి మందు. 2016లో వచ్చిన పైథాన్ 3.6 నుండి విండోస్ కిటికీలో ఈ చిక్కు బాగా తగ్గింది.

జవాబు 63 అయితే మాత్రం జాగ్రత్త వహించాలి. అది ప్రశ్నార్థకపు సంఖ్య. అక్షరం దారిలోనే పోయి, దాని చోట ‘?’ చేరింది. పెట్టెల వెనుక అక్షరం భద్రంగా ఉంటుంది. ఈ ప్రశ్నార్థకం వెనుక ఏమీ ఉండదు. కార్మికుల పేర్ల పట్టికను ఈ స్థితిలో ఫైలుగా భద్రపరిస్తే, ఆ పేర్లను ఏ ఫాంటూ, ఏ అమరికా తిరిగి తేలేదు.

అన్నీ సరిపడినా ఒత్తులు ఒకదానిపై ఒకటి పడటం, కర్సరు పక్కకు జరగడం కద్దు. దీనికి కారణం పాతది. 1928లో ఐ.బి.ఎం. కార్డుపై 80 నిలువు వరుసలు ఏర్పడ్డాయి. 1978 నాటి వి.టి.100 టెర్మినలు కూడా పంక్తికి 80 గళ్ళు ఇచ్చింది. నేటి టెర్మినళ్ళూ గళ్ళ లెక్కనే నడుస్తాయి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌కు ఆరు సంకేతాలు. అది ఎన్ని గళ్ళలో ఇమడాలో టెర్మినలుకు తోచదు. జవాబును ఫైలులో వ్రాసి, మంచి ఎడిటరులో తెరిస్తే పదం చక్కగా కనబడుతుంది.

ఒక్కొక్కప్పుడు టైపు చేసినదే కనిపించదు. లినక్స్‌లోనైతే ఇంటర్‌ప్రెటరు నుండి బయటికి వచ్చి, కనబడకపోయినా ‘రీసెట్’ అని వ్రాసి ఎంటర్ నొక్కితే తెర సాధారణంగా దారికి వస్తుంది.

తెరపై కనిపించేది అక్షరపు ప్రతిబింబమే గాని అక్షరం కాదు. అద్దం మసకబారిందని ముఖాన్ని నిందించనక్కరలేదు. 3128 అన్న జవాబు చూసిన ఆ సూరత్ విద్యార్థికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు; యంత్రానికి తన భాష ముందే తెలుసునని అతనికి అర్థమవుతుంది.