జామాయిల్ ఆకు ఆవిరికే.. కడుపులోకి కాదు

మన ప్రకాశం జిల్లాలో జామాయిల్ అంటే టన్ను ధర ఎంత, కోతకు ఎన్నేళ్లు అన్న లెక్కే. కర్ర లారీ ఎక్కాక చేలో మిగిలిన ఆకును ఎవరూ పట్టించుకోరు. పడిశం పట్టిందంటే మాత్రం ఆ ఆకే గుర్తొస్తుంది. ‘రెండు రెమ్మలు తుంచుకురారా అబ్బాయ్’ అని ఇంట్లో పెద్దవాళ్లు కేకేస్తారు. అలవాటు మంచిదే. కానీ దానికో హద్దుంది. అది తెలియకే ఇబ్బందులొస్తున్నాయి.

ఆకును నలిపితే వచ్చే ఘాటు అందులోని నూనెది. ఆ నూనెలో ముఖ్యమైన పదార్థం సినియోల్. ఆవిరితోపాటు అది లోపలికి పోతే ముక్కు తెరుచుకున్నట్టు, ఊపిరి హాయిగా ఆడినట్టు ఉంటుంది. అది ఉపశమనమే గానీ జబ్బును నయం చేయడం కాదు. 2020, 2021 కరోనా రోజుల్లో ఇంటింటా ఆవిరి పట్టాం. ఆవిరితో వైరస్ చావదని డాక్టర్లు అప్పుడే చెప్పారు.

ఇంకో సంగతి. నీలగిరి తైలానికి పేరు తెచ్చింది గ్లోబ్యులస్ రకం. అది నీలగిరి కొండల చలిలో పెరిగే చెట్టు. మన పొలాల్లో ఉన్నవి టెరిటికార్నిస్, కమాల్డ్యులెన్సిస్ రకాలు, వాటి క్లోన్లు. కాగితం గుజ్జు కోసం వేసుకున్నవి. తైలానికి చెప్పే గుణాలన్నీ మన గట్టు మీది ఆకుకు అంటగట్టకూడదు.

ఆవిరి పట్టాలనుకుంటే బుడిపెలు లేని, మందు కొట్టని చెట్టు ఆకు గుప్పెడు తెచ్చి బాగా కడగండి. నీళ్లు మరిగాక గిన్నె దించి, కదలని చోట పెట్టి, అప్పుడు ఆకు వేయండి. సెగ కాస్త తగ్గాక, మొహం దూరంగా ఉంచి, ఐదు నిమిషాలు పడితే చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ ఘాటు పడకపోవచ్చు. వాళ్లు డాక్టర్ని అడక్కుండా పట్టొద్దు.

చిన్నపిల్లలకు అసలే వద్దు. మా వీధిలో ఒక నాయనమ్మ నాలుగేళ్ల మనవడికి దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. వాడు ఉక్కకు గింజుకున్నాడు. మరుగునీళ్లు తొడ మీద ఒలికాయి. నాలుగు రోజుల్లో పోయే జలుబుకు నెలరోజులు మంచాన పడ్డాడు. జలుబు పోయింది, మచ్చ మిగిలింది. ఆ ముసలమ్మ ప్రేమలో లోపం లేదు. జాగ్రత్త చెప్పినవాళ్లే లేరు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం నూనె. దగ్గు తగ్గుతుందని పంచదారలో నాలుగు చుక్కలు వేసి నాకించేవాళ్లున్నారు. ఆకు కషాయం తాగించేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఒక్క టీ చెంచాడు నూనె మింగినా పసివాళ్ల ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, మగత, ఫిట్స్ వస్తాయి. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తాలి. చంటిబిడ్డల ముక్కు దగ్గర, మొహానికి ఆ నూనె రాయొద్దు. పురుగుమందు డబ్బాను ఎంత ఎత్తున దాస్తామో ఈ సీసానూ అంత ఎత్తున దాయాలి.

పెద్దలు చెప్పిన వైద్యాన్ని కొట్టిపారేయమని కాదు నా మాట. చేలో ఏ మందు ఎంత కొట్టాలో డోసు చూసి కొట్టే రైతుకు, ఇంట్లో మందుకూ డోసు ఉంటుందని వేరే చెప్పాలా? జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా గిన్నె పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెట్టు ఎక్కడికీ పోదు.