కౌన్సెలింగ్ అంటే క్లాసు పీకడం కాదు

"వాడికి కాస్త మీరైనా నచ్చజెప్పండి." పిల్లవాణ్ణి మొదటిసారి సైకాలజిస్టు దగ్గరకు తీసుకొచ్చిన తల్లిదండ్రులు కుర్చీలో కూర్చుంటూనే అనే మాట ఇది. రెండో మాట, "ఎన్ని సిట్టింగులు పడతాయి?" స్కూటర్‌ను మెకానిక్ షెడ్డులో వదిలి సాయంత్రానికి అయిపోతుందా అని అడిగినట్టు. వారిని తప్పుపట్టి లాభం లేదు. కౌన్సెలింగ్ అనే మాటకు తెలుగునాట స్థిరపడిన అర్థాలు రెండే. ఒకటి, ఇంజనీరింగ్ సీట్ల కోసం జరిగేది. రెండోది, తాగి బండి నడిపి దొరికినవారికి, రౌడీషీటర్లకు పోలీసులు ఇచ్చేది. సీటైనా దొరకాలి, బుద్ధయినా రావాలి. మూడో రకం ఒకటుందని, అందులో ఎక్కువగా మాట్లాడాల్సింది మనమేనని తెలిసేసరికి చాలామంది రెండో సిట్టింగుకు రావడం మానేస్తారు.

అసలే ఆ గుమ్మందాకా వచ్చేవారు తక్కువ. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో (ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రం లేదు) ఆందోళన, కుంగుబాటు వంటి మామూలు రుగ్మతలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. దగ్గర్లో డాక్టరు లేకపోవడం, డబ్బు, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు... ఇన్ని దాటుకుని వచ్చినవారు, లోపల ఏం జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పనందువల్ల వెనుదిరగడం అన్యాయం.

ముందు, ఎవరి గుమ్మం తొక్కాలి? సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మానసిక పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడిగితే చిరాకు పడేవారి దగ్గరకు వెళ్లకపోయినా నష్టమేమీ లేదు. ఇక కౌన్సెలర్ అన్న బోర్డు వెనుక రెండేళ్ల ఎంఏ ఉండొచ్చు, వారాంతపు సర్టిఫికెట్ కోర్సూ ఉండొచ్చు. నిద్ర, తిండి లేక రోజులు గడుస్తున్నా, లేనివి కనబడుతున్నా వినబడుతున్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ముందు సైకియాట్రిస్టునే కలవాలి. మందులు అలవాటైపోతాయన్న భయం చాలామందికి ఉంది. కుంగుబాటుకు ఇప్పుడు ఎక్కువగా వాడే మందులు నిద్రమాత్రలు కావు. వాటి ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మనంతట మనం హఠాత్తుగా ఆపేయకూడదు.

మొదటి సిట్టింగు సాధారణంగా ముప్పావుగంట నుంచి గంట సాగుతుంది. అందులో సలహా ఒక్కటీ దొరక్కపోవచ్చు. అన్నీ ప్రశ్నలే. ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, థైరాయిడ్ పరీక్ష చేయించారా, మందు అలవాటుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉండేదా. ఈ ఆఖరి ప్రశ్నకు మనవాళ్లు ఠక్కున లేదంటారు. గుళ్లోనే పడుకునే బాబాయి సంగతి నాలుగో సిట్టింగులో గానీ బయటికి రాదు. చనిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు. పక్కనున్న తల్లి ఉలిక్కిపడుతుంది. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్నవారికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. వెయ్యి రూపాయలు తీసుకుని మనల్నే ప్రశ్నలు అడిగారని బయటికొచ్చి నిష్ఠూరమాడేవారు ఉన్నారు గానీ, ఆ గంటలో చేసిన పని చిన్నదేమీ కాదు.

పెద్దవారికి ఇప్పుడు విరివిగా వాడుతున్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చాలావరకు వారానికోసారి, 8 నుంచి 20 సిట్టింగుల్లో ముగుస్తుంది. హోంవర్కు ఉంటుంది. ఏ ఆలోచన ఎప్పుడొచ్చింది, అప్పుడేం చేశారు అని రాసుకు రమ్మంటారు. రాయకుండా వెళితే ఆ వారం వృథా. మొదట్లో బాధ పెరిగినట్టనిపించినా కంగారు పడనక్కర్లేదు. పదేపదే చేతులు కడుక్కునే జబ్బున్న మనిషిని తలుపు గొళ్లెం ముట్టుకుని చెయ్యి కడుక్కోకుండా కూర్చోమంటారు. ఆ అరగంట నరకమే. కానీ చికిత్స ఉన్నది ఆ అరగంటలోనే.

పిల్లల దగ్గరకొస్తే ప్రశ్నలు ఇంకా వెనక్కి వెళతాయి. కాన్పు ఎలా జరిగింది, ఎన్నో నెలలో కూర్చున్నాడు, మాటలు ఎప్పుడొచ్చాయి. వెళ్లేటప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు నోటుపుస్తకాలు కూడా పట్టుకెళ్లండి. ఒత్తులు ఎగరగొట్టడం, గుణింతాలు తారుమారు కావడం, బోర్డు మీది పాఠం సగంలో ఆగిపోవడం కార్డులో కనబడవు. వినికిడి, చూపు పరీక్షలు ముందే చేయించాలి. పిలిస్తే పలకని పిల్లవాడికి పొగరని పేరు పెట్టేశాక, అసలు సరిగా వినబడదని తేలిన సందర్భాలున్నాయి. బద్ధకస్తుడని చేతి మీద దెబ్బలు తిన్నవాడికి చదవడం, రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందని బయటపడవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అదీ ఒకటి. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

మరీ చిన్నపిల్లలైతే గదిలో బొమ్మలు, రంగు పెన్సిళ్లు, ఇసుక తొట్టి ఉంటాయి. ఆడుకోవడానికి ఇంత ఫీజా అనిపించడం సహజం. అయిదేళ్ల పిల్లకు ఇంట్లో గొడవలను వర్ణించే మాటలు ఉండవు. కానీ నాన్న బొమ్మను మంచం కింద దాచేయడం వచ్చు. చూసేవారికి అది వాక్యమే. ఈ వయసులో చికిత్సలో పెద్ద భాగం తల్లిదండ్రులతోనే నడుస్తుంది. ఆరేళ్లలోపు పిల్లల్లో విపరీతమైన చురుకుదనం, ఏకాగ్రత లేకపోవడం సమస్య అయితే మొదట చేసేది అమ్మానాన్నలకు శిక్షణ ఇవ్వడమే. ఎప్పుడు మెచ్చుకోవాలి, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి, కాదన్న తర్వాత ఎలా నిలబడాలి. తాతగారు వెనకనుంచి చాక్లెట్ ఇచ్చేస్తే ఆ వారం పాఠం గోవిందా. అందుకే వీలైతే తాతగారినీ తీసుకెళ్లడం మంచిది.

అన్నిటికన్నా కష్టమైనది పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లల విషయంలో వస్తుంది. కాసేపయ్యాక మిమ్మల్ని బయట కూర్చోమంటారు. తలుపు మూసేస్తారు. పిల్ల ఏ పూట ఏం తిన్నదో, ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు తగ్గాయో తెలిసిన తల్లికి, తన గురించే లోపల ఏదో చెబుతోందన్న అనుమానంతో గంటసేపు పాత వారపత్రిక తిరగేస్తూ కూర్చోవడం మాటలు కాదు. ఇంటికి వెళ్లే దారిలో విచారణ మొదలవుతుంది. "ఏం అడిగారు? మా గురించి ఏం చెప్పావు?" ఆ పూటతో పిల్ల నోరు మూతపడుతుంది. వచ్చేవారం లోపల "అంతా బాగానే ఉందండీ" తప్ప మరో మాట రాదు. మూడు సిట్టింగులు మౌనంగా గడిచినా డబ్బు దండగని తేల్చేయకండి. ఈ గదిలో చెప్పింది భోజనాల దగ్గరకు రాదని నమ్మకం కుదరడానికి కొందరికి అంతకాలం పడుతుంది.

అలాగని తల్లిదండ్రులకు ఏమీ చెప్పరని కాదు. మంచి థెరపిస్టు మొదటిరోజే ముగ్గుర్నీ కూర్చోబెట్టి హద్దులు చెప్పేస్తారు. ప్రాణానికి ముప్పుందనిపిస్తే చెబుతారు. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. చికిత్స ఎటు పోతోందో, ఇంట్లో ఏం మారాలో చెబుతారు. స్నేహితుడి పేరు, డైరీలోని సంగతి చెప్పరు. పెద్దవారి విషయంలో 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగానే గుర్తించింది. భార్య ఏం చెప్పిందో భర్త ఫోను చేసి అడిగితే చెప్పనవసరం లేదు. ఈ హద్దుల గురించి వారు ఎత్తకపోతే మీరే అడగండి.

ఇదే ప్రశ్న ఇప్పుడు కాలేజీల్లోనూ అడగాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలన్నది వాటిలో ఒకటి. మంచిదే. అయితే ఆ కౌన్సెలర్‌కు జీతమిచ్చేది యాజమాన్యం. హాస్టల్లో నిద్ర పట్టడం లేదని పిల్లవాడు చెప్పుకున్న మాట సాయంత్రానికి ప్రిన్సిపాల్ బల్ల మీదకు చేరితే, మర్నాడు నుంచి ఆ గది వైపు ఎవరూ వెళ్లరు. కౌన్సెలర్ ఉన్నారా అని అడిగే తల్లిదండ్రులు, విన్నదాన్ని ఎవరికి చెబుతారని కూడా అడగాలి. సీటుకు డబ్బు కట్టేముందే అడిగితే జవాబు కాస్త మర్యాదగా వస్తుంది.

కొన్నిచోట్ల నుంచి లేచి వచ్చేయాల్సిందే. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయనేవారు, మీ కులమేమిటని ఆరా తీసేవారు, పది సిట్టింగుల్లో గ్యారంటీ అని మొత్తం ముందే కట్టించుకునేవారు ఆ కోవలోకే వస్తారు. స్వలింగ ఆకర్షణను మారుస్తామనేది చికిత్సే కాదు, డాక్టర్లకు అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. వీటిలో ఏదీ లేకపోయినా, నాలుగైదుసార్లు వెళ్లాక కూడా ఈ మనిషితో మనసు విప్పలేననిపిస్తే ఆ సంగతి వారికే చెప్పి మరొకరి పేరు అడగొచ్చు. మంచివారు నొచ్చుకోరు.

ఖర్చు మాట దాచాల్సింది కాదు. మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టం చెబుతున్నా, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారంవారం సిట్టింగులకు జేబులోంచి పెట్టుకోవాల్సిందే. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. జనం ఎగతాళికి వాడుకునే ఎర్రగడ్డ పేరే చాలామందిని అటు వెళ్లకుండా ఆపుతోంది, అది వేరే విషాదం. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళప్పుడైనా ఫోను చేయొచ్చు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఎక్కడికి వెళ్లాలో తోచనివారు అక్కడ మొదలుపెట్టవచ్చు.

ఇక బయలుదేరేముందు పిల్లలకు ఏం చెప్పాలన్నది. ఐస్‌క్రీం తినిపిస్తానని చెప్పి క్లినిక్కు ముందు ఆటో దింపకండి. పిచ్చి డాక్టరు దగ్గర పడేస్తానని బెదిరించి ఉంటే, అది పోవడానికి ముందు రెండు సిట్టింగులు ఖర్చవుతాయి. ఉన్నదున్నట్టు చెబితే చాలు. "ఈమధ్య నీకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, మాకూ ఏం చేయాలో తెలియడం లేదు. ఒక మేడమ్‌ని కలుద్దాం. సూదిమందు ఉండదు. కాసేపు నేనూ లోపల ఉంటాను, ఆ తర్వాత బయట బెంచీ మీద ఉంటాను. లోపల ఏం మాట్లాడావని అడగను."